హాని లేని అక్షరం

ల్యాబ్‌లో ఆమెకు వెనకాల పెట్టిన పేరు జల్లెడ. మనిషి జన్యువుల్లోని లక్షల తేడాలను జల్లించి, జబ్బు తెచ్చేదాన్ని పట్టుకునే ప్రోగ్రామ్ రాసింది ఆమే. పంతొమ్మిదేళ్లుగా అదే పని. మొదట్లో జీవశాస్త్రం వాళ్లు ఆమెను కంప్యూటర్ మనిషన్నారు, కంప్యూటర్ వాళ్లు జీవశాస్త్రం మనిషన్నారు. రెంటికీ చెడ్డ రేవడినని తనమీద తానే నవ్వుకునేది. బస్సు నడిపే బావ మాత్రం ఎవరడిగినా, "మా మరదలు ఇన్నేళ్లుగా నాలుగక్షరాలే చదువుతోంది, ఇంకా పూర్తి కాలేదు" అనేవాడు. జన్యువుల భాషలో ఉన్నవి నాలుగక్షరాలేనని ఆయనకు చెప్పిందీ ఆమే.

ఆ మంగళవారం మీటింగులో పాత ఫలితాలు ముప్పై ఒకటి తిరగదోడారు. ఎనిమిదేళ్ల కిందట పోల్చి చూడటానికి దొరికినవి కొద్దిమంది జన్యుక్రమాలే. ఇప్పుడు లక్షలు వచ్చిపడ్డాయి. పదిహేడో వరసలోని మార్పు, ఒకే ఒక్క అక్షరం తేడా, ఎనభై దాటినా గుండ్రాయిలా తిరుగుతున్న ముసలమ్మల్లో కూడా బోలెడుమందిలో కనిపించింది. అంటే దానివల్ల రొమ్ము క్యాన్సర్ రాదు. హాని లేనిదిగా మార్చమంటారా అని డైరెక్టర్ అడిగాడు. ఆమె మార్చాలంది, సంతకం పెట్టింది. ఎనిమిదేళ్ల కిందట అక్కడ 'హానికరం' అని రాసిందీ ఆమేనని గదిలో అందరికీ తెలుసు. ఆ మార్పు ఉందని అప్పట్లో ల్యాబ్ చెప్పిన పన్నెండుమందిలో ఒకరు ఆమె అక్క అని మాత్రం ఎవరికీ తెలియదు.

అమ్మ అదే జబ్బుతో నలభై నాలుగేళ్లకే పోయింది. తర్వాత అక్కాచెల్లెళ్లిద్దరూ రక్తం ఇచ్చారు. ఆ తేడా అక్కకు ఉంది, చెల్లెలికి లేదు. డాక్టర్ గంటసేపు చెప్పింది విని, అక్క బయటికొచ్చి చెల్లెల్ని ఒకటే అడిగింది, ఏం చెయ్యమంటావని. ఆ అక్షరం సంగతి తనకు తెలుసని, తీయించేసుకోమని చెప్పింది ఆమె. అక్క రెండు రొమ్ములూ తీయించేసుకుంది. అప్పటికి ముప్పై ఆరేళ్లు.

మధ్యాహ్నం సెలవు పెట్టి ఆమె అక్క ఇంటికి వెళ్లింది. అక్క బట్టలు కుడుతుంది. ముందుగదిలో బల్లమీద గుడ్డ పరిచి, సుద్దగీత వెంట కత్తెర నడుపుతోంది. ఆమె నిలబడే అంతా చెప్పింది, మీటింగులో చెప్పినట్టే, వరసగా. కత్తెర గుడ్డ చివరిదాకా ఆగలేదు.

"అయితే అమ్మకెందుకొచ్చింది?" అంది అక్క.

"తెలీదక్కా."

"మరి నా కూతురికి?"

"దానికి వస్తుందో రాదో చెప్పలేను. పెద్దయ్యాక ఏటా పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి."

అక్క కత్తిరించిన ముక్కలు ఒకదానిమీద ఒకటి సర్దింది. "ఆరోజు తెలుసన్నావుగా."

"తెలుసనే అనుకున్నాను."

అక్క లోపలికెళ్లి టీ తెచ్చింది. అందులో పంచదార వేసిందో లేదో ఆమెకు తెలియలేదు. తిరిగి బస్సెక్కాక ఏడుపు వస్తుందేమోనని కిటికీ పక్కన కూర్చుంది. రాలేదు. దిగాల్సిన చోటే దిగింది.

మిగతా పదకొండుమందికి వాళ్ల డాక్టర్ల ద్వారా ఉత్తరాలు పంపడానికి రెండు వారాలు పట్టింది. ప్రతి ఉత్తరం తనే రాసింది. వేళకు తిన్నది, వేళకు పడుకుంది, నిద్ర కూడా పట్టింది. గుండెలో ఏదో తెగిపడాలని ఎదురుచూసింది గానీ, చెయ్యి తిమ్మిరెక్కినట్టు ఉందంతే. ఒకరోజు బావ ఫోన్ చేసి, అక్క తిట్టడమూ లేదు, నీ పేరెత్తడమూ లేదని చెప్పాడు. ఆ నాలుగక్షరాల మాట ఆయన మళ్లీ అనలేదు.

నాలుగు నెలలకు అక్క తనంతట తానే ల్యాబ్‌కు వచ్చింది. అమ్మకు జబ్బెందుకొచ్చిందో వెతకడానికి తన జన్యుక్రమం మొత్తం చదివించుకుంటానంది. చెయ్యి చాపి రక్తం ఇచ్చింది.

"ఒకటి చెప్తాను, తప్పుగా అనుకోకు. ఈసారి నువ్వు చదవొద్దు. ఇంకెవరిచేతైనా చదివించు."

"సరే అక్కా."

ఆమె గొట్టంమీద నంబరు రాసి, పక్క గదిలోని సహోద్యోగి చేతికిచ్చి వచ్చింది. బస్సు ఎక్కడ ఆగుతుందని అక్క అడిగింది. చేత్తో చూపించినా అర్థమయ్యేదే. అయినా ఇద్దరూ గేటుదాకా నడిచారు. బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడ్డారు.