కారులో కూత పెట్టె

నేను ఒక రాడార్ డిటెక్టర్‌ని. పేరు వినగానే మొహం అలా పెట్టకండి, చెప్తాను. రోడ్డు పక్కన పోలీసువారు తుపాకీలాంటి యంత్రం పట్టుకుని నిలబడతారు చూశారూ, అందులోంచి కంటికి కనపడని తరంగాలు బయల్దేరి, ఎదురొచ్చే కారుకు తగిలి వెనక్కి వెళ్తాయి. వెళ్లి, ఫలానా కారు ఎంత వేగంతో వస్తోందో పోలీసుకు చాడీ చెప్తాయి. ఆ చాడీని ముందే పసిగట్టి, నడిపేవాడి చెవిలో కీచుమని కూయడం నా ఉద్యోగం. అరచేతిలో పట్టే, బ్యాటరీతో నడిచే నల్లటి పెట్టెని. ముందు అద్దం దగ్గర దర్జాగా కూర్చుంటాను. పని తక్కువ, డాబు ఎక్కువ.

మా వంశ చరిత్ర వింటే మీకు నవ్వొస్తుంది. విదేశాల్లో పోలీసుల చేతికి రాడార్ వచ్చిన కొన్నేళ్లకే, దానికి దొరికిపోయి ఒళ్లు మండినవాళ్లు మా తాతల్ని తయారుచేశారు. పోలీసులు తరంగం మార్చారు. మావాళ్లు కొత్త తరంగం నేర్చుకున్నారు. పోలీసులు ఏకంగా మమ్మల్నే పసిగట్టే యంత్రం తెచ్చారు. మావాళ్లు దానికి దొరక్కుండా నక్కడం నేర్చుకున్నారు. కొన్ని దేశాల్లో మమ్మల్ని కారులో పెట్టుకోవడమే నేరం. ఇంత తెలివి, ఇంత తంటా దేనికయ్యా అంటే, తొక్కిన కాలు కాస్త పైకెత్తడం ఇష్టంలేక! మనుషుల సంగతి మీకు నేను చెప్పాలా?

నన్ను మొదట కొన్నాయన ఓడలో ఇంజనీరు. నన్ను నిషేధించిన దేశానికి వెళ్లాల్సి వచ్చి, భయపడి, ఓడ విశాఖపట్నం రేవులో ఆగినప్పుడు ఓ పాత సామాన్ల దుకాణంలో వదిలించుకున్నాడు. ఆ దుకాణదారుకు నేనేమిటో తెలిస్తే ఒట్టు. ఓసారి నన్ను గడ్డం గీసుకునే మిషనని అమ్మబోయాడు. కొనడానికొచ్చినాయన దవడకు ఆనించుకుని చూశాడు కూడా. నా బతుకులో అంత అవమానం మళ్లీ జరగలేదు.

అలా దుమ్ము కొట్టుకుపోతుండగా తాతబ్బాయిగారు వచ్చారు. కడియం దగ్గర వాళ్లకి మొక్కల నర్సరీ ఉంది. పెద్ద కారుకు వెనక సీట్లు పీకేసి, కుండీలు నింపుకుని, విశాఖపట్నం హోటళ్లకీ కొత్త ఇళ్లకీ మొక్కలు తెచ్చి ఇస్తుంటారు. నన్ను చూడగానే ఆయన కళ్లు మెరిశాయి. ఏదో కార్ల పత్రికలో మా బొమ్మ చూశారట. నన్ను పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా లేదా అని మాత్రం ఆయన ఎవర్నీ అడగలేదు.

ఆయనకి నేను అంత అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. తాతబ్బాయిగారు నేలమీద ఉన్నంతసేపూ నెమ్మదస్తులు. స్టీరింగు చేతికొస్తే మాత్రం ఒంట్లోకి ఎవరో వచ్చేస్తారు. పక్క సీట్లో ఆయన భార్య చంద్రకాంతంగారు. మొక్కల గురించి తెలిసింది ఆవిడకే. ఏది ఎండకు ఆగుతుందో, ఏది నీడకు నవ్వుతుందో ఆవిడ చెప్పాల్సిందే. కారు ఆగగానే అందరూ "అమ్మగారు వచ్చారా?" అనే అడుగుతారు, ఈయన్ని కాదు. దారి పొడుగునా ఆవిడ మాట్లాడుతూనే ఉంటారు, ఈయన ఊ కొడుతూనే ఉంటారు. ఆ మాటలు లేకపోతే ఆయనకి రోడ్డు సాగదు.

నేను రావడానికి ముందు ఓసారి కారు కాలవ గట్టు అంచుదాకా వెళ్లి ఆగిందట. ఆ తర్వాత వేగం మితిమీరిందని పోలీసులు ఆపారట. ఆవేళ ఆవిడ గట్టిగా చెప్పేశారు.

"ఇదిగో, ఇనండి. ఇంకోసారి స్పీడని పోలీసోళ్లు ఆపేరంటే నేనింక మీ పక్కన కూకోను. బస్సులో ఎల్తాను. మీరూ మీ కుండీలూ ఊరేగండి!"

పక్క సీటు ఖాళీ అవుతుందన్న భయం ఆయనకి పట్టుకుంది. వేగం తగ్గించుకుంటే పోయేదానికి, వెతికి వెతికి నన్ను తెచ్చుకున్నారు.

నన్ను అద్దం దగ్గర అంటించిన రోజే ఆవిడ అడిగారు. "ఏంటండీ ఈ పెట్టె?"

ఆయన తడుముకున్నారు. "గుడి దగ్గరికొత్తే కూత్తాదే. దణ్ణం ఎట్టుకోడం మర్చిపోకుండా."

ఔరా, నన్ను గడ్డం మిషన్ చేసినవాడే నయం! కానీ నా అదృష్టమో దురదృష్టమో, మొట్టమొదట నేను కూసింది సరిగ్గా అన్నవరం కొండ కనిపిస్తుండగా. చెట్టు చాటున పోలీసు యంత్రం ఉంది మరి. ఆయన బ్రేకు తొక్కారు, ఆవిడ కొండకేసి చేతులు జోడించారు. ఇద్దరి పనీ అయిపోయింది. ఆవిడకి ఎంత గురి కుదిరిందంటే, ఇంటికెళ్లగానే నాకు పసుపు రాసి బొట్టు పెట్టారు. "ఇన్నాళ్లకి మీకు భక్తి పుట్టిందండీ," అని మొగుడికేసి ఎంత ప్రేమగా చూశారనుకున్నారు! ఆ చూపు చూసి తాతబ్బాయిగారు తల వంచుకుని కారు టైర్లు తనిఖీ చేశారు.

ఇక చూడండి నా వైభోగం. కూసినప్పుడల్లా దణ్ణమే. మాకో జబ్బుంది లెండి. పెద్ద షాపుల్లో మనిషి వస్తే వాటంతటవే తెరుచుకునే తలుపులు ఉంటాయే, వాటి తరంగాలు కూడా మాకు పోలీసు తరంగాల్లాగే వినిపిస్తాయి. విశాఖపట్నంలో ఓ నగల దుకాణం ముందు కూశాను. ఆవిడ గబుక్కున దణ్ణం పెట్టి, "ఇక్కడ గుడెక్కడుందండీ?" అన్నారు. "లోపల లచ్చిందేవి ఉంటాదిలే," అన్నారాయన. అబద్ధానికి నోరు అలవాటుపడితే ఇంతే.

మరో రహస్యం చెప్పనా? మీ రోడ్ల మీద నాకంటే గొప్పవాళ్లు లారీ డ్రైవర్లు. ముందు పోలీసులుంటే ఎదురొచ్చే ప్రతి బండికీ లైటు కొట్టి చెప్పేస్తారు. సముద్రాలు దాటొచ్చిన నేను కూసేలోపే సగంసార్లు వాళ్ల కబురు అందేది. నాకు కడుపు మండిపోయేది.

ఓ రోజు నక్కపల్లి దాటాక అసలు కథ జరిగింది. వెనక నిండా కుండీలు. తాతబ్బాయిగారు మంచి ఊపులో ఉన్నారు. నేను ఒక్కసారిగా గొంతు చించుకున్నాను. ఆయన అలవాటుగా బ్రేకు మీద నిలబడిపోయారు. వెనకాలే వస్తున్న లారీ కీచుమంటూ పక్కకి కోసుకుని, మా కారును రాసుకున్నంత పని చేసి ఆగింది. కుండీలు దొర్లి పగిలాయి. లారీలోంచి వచ్చిన తిట్లు నేను మీకు చెప్పలేను.

చంద్రకాంతంగారు జోడించిన చేతులు జోడించినట్టే కళ్లు తెరిచారు. ఎదురుగా చెట్టు కింద జీపు, మూడుకాళ్ల పీట మీద యంత్రం, దాని వెనక ఖాకీ చొక్కాలో ఓ ఎస్సైగారు. ఆవిడ తనకే దణ్ణం పెడుతున్నారనుకుని ఆ ఎస్సై మర్యాదగా తిరిగి దణ్ణం పెట్టాడు.

కారు నెమ్మదిగా జీపును దాటింది.

"ఏవండీ," అన్నారావిడ. "ఇన్నాళ్లూ నాచేత దణ్ణం ఎట్టించింది ఈళ్లకా?"

ఆయన అద్దంలోంచి వెనక పగిలిన కుండీలకేసి చూశారు.

"నాకు గుళ్లొద్దండీ, పెట్టెలొద్దు. మీరు బతికుండాలండీ. మీరు లేపోతే ఆ మొక్కల కబుర్లు నేనెవరికి చెప్పుకోను?" అంటూ ఏడ్చేశారు. నిజం చెప్తున్నాను, నేను కూడా సిగ్గుపడ్డాను. నేను ఆయన్ని పోలీసుల నుంచి కాపాడుతున్నాననుకున్నానే గానీ, వేగంగా పోవడానికి ధైర్యం నూరిపోస్తున్నానని నాకు అప్పటిదాకా తట్టలేదు.

విశాఖపట్నం వెళ్లి వచ్చేదాకా ఆవిడ పెదవి విప్పలేదు. తాతబ్బాయిగారికి అంతకు మించిన శిక్ష లేదు. ఇల్లు చేరాక నన్ను పీకి, "దీన్ని గోదాట్లో పారేత్తానే," అన్నారు. ఆవిడ అందుకుని నా మీది కుండీల మట్టిని చెంగుతో తుడిచారు. తుడుస్తుంటే ఆవిడ వేలు నా ఒంటి పక్కనున్న చిన్న బొత్తానికి తగిలింది. నా గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి పెట్టిన బొత్తం అది. కీచుమన్నాను. పోలీసూ లేడు, గుడీ లేదు, ఇంటి వరండాలో. ఆవిడ నాకేసి కాసేపు చూశారు. ఆయన అప్పటికే కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లారు.

ఆ తర్వాతి ప్రయాణానికి ఆవిడే నన్ను పట్టుకొచ్చి కారెక్కారు. "సరదాపడి తెచ్చుకున్నారు, ఉండనియ్యండి. నా పక్కనెట్టుకుంటాను," అన్నారు. తాతబ్బాయిగారికి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజునుంచీ వేగం చూపే ముల్లు కాస్త పైకి పాకగానే, ఇంకా బ్రేకు తొక్కాల్సిన అవసరం రాకముందే, ఆవిడ బొటనవేలు చెంగు చాటున కదిలేది. నేను కూసేవాణ్ణి. ఆయన కాలు తీసేవారు. ఇటు చూస్తే ఆవిడ కిటికీలోంచి గన్నేరు మొక్కలు చూస్తూ కబుర్లు చెప్తుండేవారు. ఒట్టు, అంత ముచ్చటైన ఉద్యోగం నేనెన్నడూ చేయలేదు.

అలా ఏళ్లు గడిచాయి. కారులోకి కొట్టే ఎండకి నా చెవులు మాడిపోయాయి. దేశంలోకి కొత్త రకం యంత్రాలొచ్చాయి, స్తంభాల మీద కెమెరాలొచ్చాయి. అవన్నీ నాకు అర్థం కావు. గొంతు మాత్రం మిగిలింది. ఓ రోజు నా దీపం వెలగడం లేదని తాతబ్బాయిగారు నన్ను రావులపాలెంలో సుభానీ అనే కార్ల ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లారు. సుభానీ నన్ను విప్పి, వైర్లు పెట్టి, మొహం చిట్లించాడు.

"ఇది చచ్చిపోయి చాన్నాళ్లయిందండి. పోలీసులు పక్కనే నిలబడినా దీనికి తెలీదండి."

"అదేంటయ్యా! మొన్న అనకాపల్లి ఎల్తుంటే దారంతా కూసిందే!"

"ఈ బొత్తం నొక్కితేనే కూస్తాదండి. ఎవరో ఒకరు నొక్కాలి."

తాతబ్బాయిగారు నన్ను చేతిలోకి తీసుకున్నారు. బొత్తం మీద రాసిన అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. దాన్నే చూస్తూ నిలబడిపోయారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నారు.

"లోపలిది మార్చి బాగుచెయ్యమంటారా?" అడిగాడు సుభానీ.

"వద్దొద్దు. ఆ బొత్తం ఒక్కటి చూడు. మరీ బిగుసుకుపోయినట్టుంది, ఆవిడ వేలు నొప్పెడతాది," అన్నారు తాతబ్బాయిగారు. "అమ్మగారికి మాత్రం ఏం చెప్పకేం."