ఎనిమిదింటి గొంతు

ఆసుపత్రిలో చేరేముందు నా భార్య వసంత తన ఫోన్‌ను ఇంట్లో వదిలి, అందులో అలారం పెట్టి వెళ్లింది. ఉదయం ఎనిమిదింటికి గంటకు బదులు ఆమె గొంతే మోగేది. “సారూ, బీపీ గోలి ఏసుకున్నవా? బడికాడ పడిపోతే పిల్లలు సెలవనుకుంటరు.”

ఆమె పోయాక కూడా మోగింది. పందొమ్మిది రోజులు విన్నాను. ఇరవయ్యో రోజు గద్వాలలో ఆ ఫోన్ ఎక్స్‌చేంజ్‌కు ఇచ్చి కొత్తది తీసుకున్నాను. అలారం ఆపడం నాకు తెలిసిన పనే. చేతులు రాలేదు. “ఇందులో మీకు కావాల్సినవేమన్న ఉన్నయా సార్?” అని దుకాణంలో అడిగారు. లేవన్నాను. పాస్‌వర్డ్ కూడా రాసిచ్చాను.

నాలుగు రోజులు ఎనిమిదింటికి ఇంట్లో ఏమీ మోగలేదు. ఐదో రోజు సెలవు పెట్టి మళ్లీ గద్వాల వెళ్లాను. దుకాణంవాళ్లు పాత ఫోన్లు కొనే ఎల్లన్న దగ్గరికి పంపారు.

వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాల పాత ఫోన్లు కూడా బస్టాండు వెనక ఎల్లన్న గదికే చేరతాయి. మంచివి, గీతలు పడ్డవి వేరుచేసి, యాభై చొప్పున డబ్బాలకెత్తి అతను హైదరాబాదు వ్యాపారులకు అమ్ముతాడు.

“డబ్బా ఇంక పోలే. మీ నసీబ్ మంచిగున్నది సార్,” అంటూ ఫోన్ నా చేతిలో పెట్టాడు.

వెనక వసంత అంటించిన బొట్టుబిళ్ల లేదు. ఆన్ చేశాను. భాష ఎంచుకోమని అడిగింది.

“అన్నీ తుడిచేస్తం సార్. లేకుంటే పట్నం సేట్లు డబ్బాకు డబ్బా వాపస్ పంపుతరు.”

“ఇందులో ఒక గొంతు ఉండాలి,” అన్నాను.

ఎల్లన్న నవ్వాడు. “ఆ గోలీలమ్మ గొంతా? మూడు దినాలు మోగింది సార్ డబ్బాల! మా రేఖ అచ్చం గట్లనే అంటది. ఏయ్ రేఖా, జర అను!”

బల్ల దగ్గర ఫోన్లు రుద్దుతున్న అమ్మాయి తల తిప్పకుండానే రాగం తీసింది. “సారూ... బీపీ గోలి ఏసుకున్నవా? బడికాడ పడిపోతే పిల్లలు సెలవనుకుంటరు!”

సెలవు అనే ముందు వసంతకు ఊపిరి ఆగేది. రేఖ దాన్ని కూడా వదల్లేదు.

“ఎవరు సార్ ఆమె?” అన్నాడు ఎల్లన్న.

“నా భార్య. చనిపోయింది.”

రేఖ లేచి నిలబడింది. ఎల్లన్న నా ముఖం చూడలేదు. “మాఫ్ చెయ్యండ్రి సార్. మాకు తెల్వదు. ఫోన్ ఊకెనే తీస్కపోండ్రి.”

“ఫోన్ వద్దు. ఆ అమ్మాయిని ఇంకోసారి అనమనండి. ఇందాకటిలాగే.”

రేఖ చేతులు కట్టుకుంది. పాఠం అప్పజెప్పినట్టు ఒక్కో మాటా నెమ్మదిగా, తప్పు లేకుండా చెప్పింది. ఎక్కడా ఊపిరి ఆగలేదు.