ఖాళీ రిపోర్టు

ఓవెన్ లోపల నూట ఇరవై అయిదు డిగ్రీలు. బయట మీటరు ముందు, మోకాళ్లు బల్లకు ఆనించి కూర్చున్న మనిషిని ల్యాబ్‌లో అందరూ కొలిమి బాబాయ్ అంటారు. బక్కపల్చటి మనిషి, ముంజేతుల మీద పాత చురకల మచ్చలు, ముక్కు కొసకు జారే కళ్లద్దాలు. కార్లలోకి వెళ్లే ట్రాన్సిస్టర్లను వేడిలో పెట్టి, మాట మీద నిలబడతాయో లేదో చూడటమే ఇరవై రెండేళ్లుగా ఆయన పని.

ఆపేసిన ట్రాన్సిస్టర్‌లోంచి కరెంటు పోకూడదు. ఈ కొత్త రకంలో పోతోంది. నిన్న పదింట్లో మూడింటి నుంచి కరెంటు కారింది. తన చేతిమీదే అనుమానం వచ్చి ఇవాళ మళ్లీ కొలిచాడు. అవే మూడు! చల్లగా ఉన్నంతసేపూ నంగనాచుల్లా ఉండి, వేడెక్కగానే అసలు గుణం బయటపెడుతున్నాయి. ఇవి చేరేది బ్రేకు ఒత్తిడిని కొలిచే సర్క్యూట్‌లోకి. అక్కడ కొలత తప్పితే ప్రాణాల మీదికే.

వాటిని డిజైన్ చేసింది స్వయానా ఆయన బామ్మర్ది. చిప్ చిన్నదవ్వాలని ట్రాన్సిస్టర్ సైజు కుదించాడు. చెయ్యి పట్టుకుని అతనికి టంకం పెట్టడం నేర్పింది బాబాయే. ఇప్పుడతను డిజైన్ విభాగానికి పెద్ద. నిన్న మూడు ఫెయిలయ్యాయంటే, "బావా, కాస్త చల్లారనిచ్చి కొలవరాదూ? పట్టూ విడుపూ ఉండాలి," అని నవ్వాడు. పరాచికమనుకుని బాబాయ్ కూడా నవ్వేశాడు, పిచ్చి మారాజు!

మందపాటి గ్లవుజులతో కలం పట్టడం కుదరదు. అందుకని పొద్దున్నే అయిదారు ఖాళీ రిపోర్టుల కింద సంతకాలు పెట్టి సొరుగులో ఉంచి, అంకెలు తర్వాత నింపడం ఆయనకు అలవాటు. సొరుగుకు తాళం వేయాలన్న ఆలోచన ఏనాడూ రాలేదు.

మధ్యాహ్నం నాణ్యత విభాగం మేడమ్ ఎదురైంది. "పదికి పదీ పాసయ్యాయటగా బాబాయ్, థాంక్సండీ!"

ఆమె చేతిలో రిపోర్టు. అంకెలు బామ్మర్ది చేతిరాత. కింద సంతకం తనది.

"ఇవి నా అంకెలు కావమ్మా."

"సంతకం మీదేగా? పొద్దున్నే కారు కంపెనీకి పంపేశాను కూడా."

బాబాయ్ గ్లవుజులతోనే బామ్మర్ది గదిలోకి వెళ్లాడు.

"ఏరా, నా సంతకంతో నా గొంతే కోశావా?"

"అరవకు బావా. చల్లగా కొలిస్తే పాసయ్యాయి, అబద్ధమేముంది? రేపేదైనా అయితే నేను చూసుకుంటాగా."

"రేపేదైనా అయితే అడిగేది నన్నురా. పోయేది ఇంకెవడో!"

బామ్మర్ది కంప్యూటర్ వైపు తిరిగి, "అక్కకి చెప్పకు," అన్నాడు మెల్లగా.

ఆ మాటకే బాబాయ్ గుండె తరుక్కుపోయింది. తప్పని తెలిసే చేశాడన్నమాట. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తనెంత?

మిగిలిన సంతకాల కాగితాలన్నీ చింపేశాడు. అసలు అంకెలు రెండు తెల్ల కాగితాల మీద తన చేత్తో రాశాడు. ఒకటి కారు కంపెనీకి పోస్టు చేయించాడు. రెండోది, రాజీనామాతో కలిపి, మేడమ్ బల్లమీద పెట్టాడు. మూడింటికల్లా మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఎవరూ ఆపలేదు.

సాయంత్రానికి ఓవెన్ తలుపు బార్లా తెరిచి ఉంది. దాని పిడికి, గుండ్రటి అక్షరాల అట్టముక్క ఒకటి ఇంకా వేలాడుతోంది: "దయచేసి తలుపు తీయకండి. కొలుస్తున్నాను."