ఎంజైమంటే ఏంటండీ?

మామిడి పూత మీదున్న జనవరిలో, ఒక ఆదివారం ఆగిరిపల్లి చర్చిలో పూజ అయ్యాక సుసన్నా మాట్లాడింది. ఆమె నూజివీడులో డిగ్రీ విద్యార్థులకు బయోకెమిస్ట్రీ చెబుతుంది. పురుగుమందు ఒంట్లోకి వెళ్తే ఏమవుతుందో తోట కూలీలకు చెప్పమని ఫాదర్ అడిగారు.

"ఎసిటైల్‌కోలిన్‌ఎస్టరేజ్ అనే ఎంజైమ్ పనిచేయడం ఆగిపోతుంది" అందామె.

అందరూ తలూపారు. వెనక వరసలోంచి శౌరి లేచాడు. పదేళ్లుగా తోటల్లో పురుగుమందు కొట్టే మనిషి.

"ఎంజైమంటే ఏంటండీ?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. సుసన్నా కూడా నవ్వి, "ఒక రకం ప్రొటీన్" అంది. అతను ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు.

తొమ్మిది రోజులకు శౌరి చనిపోయాడు.

ఆ రోజు పొద్దుటి నుంచి చెట్లకు మందు కొట్టి, మధ్యాహ్నానికి తూలడం మొదలుపెట్టాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. నోటివెంట సొంగ కారింది, చొక్కా చెమటకు తడిసిపోయింది. తాగి వచ్చాడనుకుని తోటివాళ్లు నీడలో పడుకోబెట్టి పనిలోకి పోయారు. సాయంత్రం లేపబోతే ఊపిరి అందడం లేదు. ఆటోలో నూజివీడు తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు.

సంగతి తెలిసి సుసన్నా వాళ్లింటికి వెళ్లింది. శౌరి భార్య ఇన్నమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

"తాగుడు కాదని డాక్టర్ గారు చెప్పారు మేడమ్. మరేంటది?"

సుసన్నా ఆమె పక్కనే కూర్చుంది.

"కండని కదలమని చెప్పడానికి నరం ఒక రసం వదులుతుందమ్మా. పని అవగానే ఆ రసాన్ని తుడిచేసేది ఒకటి ఉంటుంది. అదే ఎంజైమ్. పురుగుమందు దాన్ని పట్టేస్తుంది. ఇక రసం పేరుకుపోతుంది. చెమట, సొంగ ఆగవు. కండలు అదిరి అదిరి చచ్చుబడతాయి. ఊపిరి పీల్చే కండలు కూడా."

"వెంటనే తీసుకెళ్లుంటే?"

"ఇంజెక్షన్లున్నాయి. బతికేవాడేమో."



"ఇలా చెప్పుంటే ఆయనకి అర్థమయ్యేదండీ. నలుగురికీ చెప్పేవాడు కూడా."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది సుసన్నాకు.

"నాదే తప్పమ్మా" అంది.

మరుసటి వారం ఆమె తోటకే వెళ్లి కూలీలకు అవే మాటల్లో చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. శౌరిని నీడలో పడుకోబెట్టినవాళ్లలో ఒకడైన అప్పారావు సగంలోనే లేచి, మొహం కడుక్కుంటానని బోరు దగ్గరికి వెళ్లాడు. ఆమె చెప్పడం ముగించినా అతను తిరిగి రాలేదు.