నుదుళ్లు తాకిన దూలములు

గ్రీష్మాంతదివసంబున చండకిరణుండు కొండకొమ్ములపై నిప్పులు చెరుగుచుండగా ఎండిన జీలుగువాగుపై పసుపుకావళ్లు వానకు తడియకుండుటకై యేనాడో నిర్మింపబడిన కప్పువంతెన చెదలుదిన్న స్తంభములతోను జాఱిన పెంకులతోను వృద్ధగజంబువలె నొఱగి యుండెను. అట్టి కొయ్యవంతెన సప్తద్వీపవసుంధరయందు వేఱొక్కటి లేదు. ఆవలికొండక్రింద దీనికి రెండింతలైనది కలదందురుగాని దానిని చూచినవారు ఈ కథ చదువరని మా ధైర్యము.

దానిని కట్టిన శిల్పి గతించినపిదప జీర్ణోద్ధరణభారమును గ్రామపెద్దలు ఈవలిగట్టు సగము అతని కుమారుడైన అప్పలాచారికిని ఆవలిగట్టు సగము అల్లుడైన గవరాచారికిని పంచియిచ్చిరి. కప్పునకు వెన్నైన దూలములు రెండును కలియుచోట, వంతెనకు సరినడుమ కొట్టు నడిమికీలు ఎవని దూలమున పడునో వాడే వంతెనపై తొలుత నడచుట అచ్చటి ఆచారము. తండ్రి నడచిన నడక బావపాలగునేమోయను చింత అప్పలాచారి యెదలో ఱంపపుపొట్టు కుంపటివలె పొగలేక రాజుచుండెను. ఆవలిగట్టున బాడిసె మ్రోగినచో అతనికి అన్నము సహింపదు. గవరాచారి చేయి బంగారమని ఎవరేని యన్నచో తన చేతిని చూచికొని నిట్టూర్చును. తుదకు కొలతను మీఱి తన దూలమును మూరెడు పొడుగుగా కోసెను. అతుకు బావ సగములోనికి జరిగినచో నడిమికీలు తన దూలముననే పడును గదా!

దూలములనెత్తు దినమున మోకులు లాగగా లాగగా అవి రెండును పోట్లపొట్టేళ్లవలె నుదుళ్లు తాకి దిగక నిలిచెను.

“ఏటి బావా ఇది? నీ దూలం మా గట్టుకి చుట్టపుచూపుకొచ్చిందేటి? ముక్కు కోసెయ్!”

“నీది మాత్రం తక్కువొచ్చిందేటి బామ్మర్దీ? ముందు దాని మీసం గొరుగు!”

అప్పలాచారి కొలకఱ్ఱ వేసి చూచెను. బావదియు సరిగా మూరెడే యెక్కువ. ఊరెల్ల పొగడిన చేయిగలవాడు తన్ను చూచి యింతకాలము కుములుచుండెనా! ఆ యెఱుక యతనికి అమృతప్రాయమయ్యెను.

అంబలికుండతో వచ్చిన నూకాలమ్మ అప్పలాచారికి అక్క, గవరాచారికి ఇల్లాలు. “ఇద్దరు దొంగలూ ఒకే మూర దోచినారు, సిగ్గన్నది ఉంటేనా!” అని ఫక్కున నవ్వెను.

“కోతలెందుకు బావా?” అని అప్పలాచారి మెల్లగా పలికెను. “నా కొసన రెండు మూరలు పైసగం చెక్కేస్తాను, నీ కొసన రెండు మూరలు కిందిసగం చెక్కెయ్. నీది నా మీద పడుకుంటాది.”

అట్లే చేసి రెండుమూరల అతుకున ఇరువురును కొడతులెత్తి ఒకే కీలును దిగగొట్టిరి.

“నడు బావా, పెద్దోడివి.”

“నువ్వే నడు. కట్టినోడి కొడుకువి.”

వినయమునందును ఒకరినొకరు మించనీయరైరి. ఇంతలో ఆకస్మికముగా వాన కురియగా తలదాచుకొనుటకై నూకాలమ్మ కుండతోడనే వంతెన జొచ్చి ఆవలిగట్టున తేలెను. తొలినడక ఆమెదాయెను.

అసూయచే మిగిలిన కొయ్యయే అతుకునకు బలమగుట కలదు. ఈ కథలో వాన మాత్రము మా కల్పన. ఆనాడు ఆకాశమున మబ్బుతునుకయైన లేదు. నూకాలమ్మయు ఆ శిల్పి కన్నబిడ్డయే గదా.