లెక్కలోకి రాని జవాబు

అడగడమే తప్ప నీ మాట ఒక్కటీ చెప్పకూడదు. హేమలతను సర్వేకి పంపేటప్పుడు పై అధికారి కౌశిక్ పెట్టిన షరతు అది. ఒక్క ఫారం పాడైనా మరో ఊరికి పంపనన్నాడు. ఆమెకిదే మొదటి ఉద్యోగం. వైద్యంలో న్యాయాన్యాయాల గురించి రాసే పండితులు, జనాన్ని అడిగి తెలుసుకున్న వివరాలను ఎంతవరకు వాడుకుంటున్నారన్నది సర్వే.

ఆ ఫారంతో హేమలత టెక్కలిలో నరసింహమూర్తి మాస్టారింటికి వెళ్ళింది. ఆయన మెడికల్ కాలేజీలో వైద్యనీతి చెప్పి రిటైరయ్యారు.

“స్వయంగా జనాన్ని అడిగి రాశారా?” అంది హేమలత.

“రాయకేం! ఉద్దానంలో కిడ్నీ జబ్బు పరీక్షలకి రక్తం తీసినప్పుడు ఇంటింటికీ నేనే వెళ్ళాను. ఇష్టపడే ఇస్తున్నారా అని అడిగితే, నూట నలభై మందిలో ఒక్కరూ కాదనలేదు. అక్కుపల్లి దాకా తిరిగాను.” ఆయన ఫారంలో ‘అవును’ దగ్గర టిక్కు పెట్టారు.

అక్కుపల్లి హేమలత సొంతూరు. ఆ నూట నలభైలో ఆమె తల్లి రాజులమ్మ ఒకతె. ఆ రోజు ఈయనకే కొబ్బరి బొండాం కొట్టిచ్చి, అడిగినదానికల్లా తలూపింది. ఆయన వీధి మలుపు తిరగగానే అరుగు మీద చతికిలబడింది.

“నా నెత్తురు అట్టుకెల్లి ఏటి సేత్తారే?”

“మరి అవునని ఎందుకన్నావమ్మా?” అని అప్పుడు హేమలత అడిగింది.

“ఇంటికొచ్చినోల్ని కాదంటామేటే, సిగ్గు నేదా!”

ఆ తర్వాత మూడు రోజులు రాజులమ్మకు అన్నం సయించలేదు. ఇప్పుడు హేమలత ఊరుకుంటే, ఆ తలూపుడు ఇష్టపడి ఇచ్చినట్టుగా మరో పుస్తకంలో అచ్చవుతుంది.

“మాస్టారూ, అందులో మా అమ్మ ఉందండి,” అని హేమలత అంతా చెప్పేసింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అడగడానికొచ్చి చెప్పేస్తున్నావేటమ్మా!”

“తప్పేనండి.”

ఆయన టిక్కు కొట్టేయబోయారు. హేమలత ఫారం మీద చెయ్యి పెట్టింది. “దిద్దకండి. నా మాట విని మారిస్తే అది నా జవాబు, మీది కాదు.”

“అయితే మీ ఇంటికొచ్చి మళ్ళీ అడుగుతాను.”

“ఇంటికొస్తే మళ్ళీ అవుననే అంటాదండి. మా అమ్మ ఊరెళ్ళడానికి పూండి స్టేషన్లో బండి కోసం కూచున్నప్పుడు అడగండి. అక్కడ మీరు ఇంటికొచ్చిన చుట్టం కారు, కాదనాలంటే కాదనగలదు.”

ఆయన నోటుపుస్తకం తెరిచి పూండి అని రాసుకున్నారు. హేమలత ఫారం పైన రాసింది: ‘అడిగిన మనిషి మధ్యలో మాట్లాడింది. దీన్ని లెక్కలోకి తీసుకోవద్దు.’

“ఉద్యోగం పోదేటమ్మా?”

“పోవచ్చునండి,” అంటూ కింద తన పేరు, తేదీ కూడా రాసింది.