నార్మల్ నెత్తురు

ఉదయం ఆరున్నరకి వేలికి సూది గుచ్చుకుంటే నెత్తురు చుక్కతో పాటు ఒక పెద్దమనిషి బయటికి వస్తాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. నాకు నమస్కారం పెట్టి, వెళ్లి పేషెంట్ల బల్ల మీద కూర్చుంటాడు. అతని వెనక ఇంకొకడు. నేను దూది అద్దేలోగా డెబ్భై మంది అవుతారు. అందరికీ అదే చెంప మీద అదే పుట్టుమచ్చ.

నాకు చిరాకేస్తుంది. ఏడింటికి ల్యాబ్ తెరవాలి, బల్ల ఖాళీ లేదు.

కాకినాడలో ఈ ల్యాబ్ నాది. ముందుగదిలో ల్యాబ్, వెనకగదిలో నేనూ మా చెల్లెలు నాగరత్నమూ ఉంటాం. ఇరవై ఏడేళ్లుగా ఊరి నెత్తురు చూస్తున్నాను. మిషను సరిగా లెక్కపెడుతోందో లేదో తెలియాలంటే రోజూ పొద్దున్నే అందులో కంట్రోల్ రక్తం, అంటే అంకెలు ముందే తెలిసిన రక్తం, పొయ్యాలి. ఆ సీసా హైదరాబాదులో మంచుగడ్డల మధ్య బయలుదేరి ఇక్కడికి గోరువెచ్చగా చేరుతుంది. అందుకని నా నెత్తురే పోస్తాను. జ్వరమంటే ఎరగని ఒళ్లు నాది. నాకు ఎంత అంకె వస్తే అదే నార్మల్ అని మిషనుకి చెప్తాను. మిషను ఎదురు చెప్పదు.

వెనకగదిలోంచి నాగరత్నం దగ్గుతుంది.

“ఎవరక్కా వచ్చారు?”

“పేషెంట్లేనే. పడుకో.”

ఊరికే కూర్చున్నారు కదా అని ఒకడి చేతికి చీపురిస్తాను. అతను దాన్ని మర్యాదగా చూసి నాకే తిరిగి ఇచ్చేస్తాడు. ఇంతలో వీధిలోంచి ఒక జ్వరం చెప్పులతో లోపలికి వస్తుంది. వాకిట్లోనే ఆపాల్సిన ఈ పెద్దమనుషులు కాళ్లు ముడుచుకుని దానికి దారిస్తారు. అది నేరుగా వెనకగదిలోకి వెళ్తుంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే.

చోటు చాలనివాళ్లు నా మెడలో కుర్చీలు వేసుకుంటారు, అటు మూడు, ఇటు మూడు. నొప్పి లేదు. నా ఎడమ పక్కటెముకల కింద ఉన్న ప్లీహం గది మూరెడు పొడుగవుతుంది. ఒక్క ఇడ్లీతోనే కడుపు నిండిపోతుంది.

జోగారావు డాక్టరుగారికి కబురు పెడతాను. ఆయన ఊళ్లోవాళ్లకి మందులు రాసేది నా రిపోర్టులు చూసే. నోటు పుస్తకం తెచ్చి ఒక్కొక్కరినీ అడుగుతారు.

“మీ పేరండీ?”

“పేర్రాజండి.”

“మీ పేరు?”

“పేర్రాజేనండి.”

డెబ్భై మందినీ ఓపిగ్గా అడిగి పుస్తకం మూస్తారు.

“మంచి ఇంట్లో డెబ్భై మందుంటే డెబ్భై పేర్లుంటాయండి అనసూయమ్మగారూ. ఇక్కడున్నది ఒక్కడే. వాడే ఇంతమంది అయ్యాడు. క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా, తెల్లకణాల కేన్సరు అంటారు దీన్ని.”

“చూస్తే పెద్దమనుషుల్లా ఉన్నారు కదండీ.”

“ఎదిగినట్టే కనపడతారు. పని చెయ్యరు, టైముకి చావరు. అదేనండి జబ్బు.”

“మరి వెళ్లగొట్టరా?”

“తొందరేం లేదండి. మీకింకా చోటుంది. చూద్దాం.”

ఎన్నాళ్లుగా ఉన్నారో తెలుసుకోవడానికి నా పాత స్లైడ్ల పెట్టె అడుగుతారు. మిషనులో పోసిన ప్రతిరోజూ నా నెత్తురు ఒక స్లైడు మీద కూడా పూసి, ఊరివాళ్ల స్లైడ్లతో పాటు అందులోనే దాచుకుంటాను. మూడేళ్లుగా నా స్లైడ్ల మీద మరకలే మరకలు. నా చెయ్యి బరువై కణాలు చితికాయనుకుని వాటిని లెక్కలోంచి తీసేసేదాన్ని. చితికినవాటిని లెక్కపెట్టకూడదన్నది నా నియమం.

డాక్టరుగారు ఒక పేర్రాజుని స్లైడు మీద పడుకోబెట్టి ఇంకో స్లైడుతో మెల్లగా తోస్తారు. పేర్రాజు ఊదారంగు మరకైపోతాడు. చొక్కా గుండీ ఒకటి మిగులుతుంది. బల్ల మీదివాళ్లు జరిగి సర్దుకుంటారు.

“ఇంత సుకుమారం వీళ్లు. మీరు తీసేసిన మరకలే సాక్ష్యమండి,” అంటారు ఆయన. “మూడేళ్ల నుంచీ మిషనుకి నార్మల్ నేర్పిందెవరు?”

“నేనేనండి.”

“అంటే ఈ ఊళ్లో మీలాంటి జబ్బున్నవాళ్లందరికీ ఏం లేదని చెప్పారన్నమాట.”

నాకు తల కొట్టేసినట్టవుతుంది. ఊరు తరవాత. నాకు ముందు గుర్తొచ్చేది నాగరత్నం.

మూడేళ్ల కిందట అది నా చెయ్యి తీసుకుని మెడ మీద పెట్టుకుంది. “గోలీల్లా ఏవో తగులుతున్నాయే అక్కా,” అంది. “నాకూ ఉన్నాయే. మన వంశంలోనే ఉన్నాయి,” అని నవ్వాను. దాని నెత్తురు నా నెత్తురు పక్కన పెట్టి చూశాను. అచ్చం నాలాగే ఉంది. నార్మల్ అని రాసి సంతకం పెట్టాను. తరవాత చిక్కిపోయింది, నడుం చుట్టూ సర్పి లేచింది, రాత్రిళ్లు చెమటలకి దిళ్లు తడిశాయి. ప్రతిసారీ చూశాను. ప్రతిసారీ నాలాగే ఉంది.

డాక్టరుగారు వెనకగది తెర తీస్తారు. ఆ గది రైలు ప్లాట్‌ఫారమంత పొడుగైంది. తెల్లచొక్కాలు భుజం భుజం రాసుకుంటూ నిలబడి ఉన్నాయి. రోజూ ఎర్ర నెత్తురు తయారుచేసే ఆడవాళ్లు లోపల చోటు లేక కిటికీ బయట మూటలతో కూర్చున్నారు. ఆ చివర ఎక్కడో చిన్నగా మా చెల్లెలి మంచం.

“ఈవిడకి ‘చూద్దాం’ అనే రోజులు దాటిపోయాయండి. ముందే పట్టుకునుంటే మందులు పనిచేసేవి,” అంటారు ఆయన తెర వదిలేస్తూ. “మీరే చెప్పండి. రిపోర్టు మీది కదా.”

మంచం దగ్గరికి నడిచేసరికి మధ్యాహ్నం అవుతుంది. నాగరత్నం పాలిపోయి, తలగడ గలీబులో కలిసిపోయింది. చెప్పాలి. దాన్ని నేనే చంపుతున్నాను. ఆ ముక్క నోట్లో పెట్టుకుని ఇంత దూరం వచ్చాను.

“ఊళ్లోవాళ్లకేనా, నాకూ ఓసారి చూడక్కా. నీ చెయ్యి మంచిది,” అని అది లేచి, తనే స్లైడు మీద పడుకుంటుంది. స్లైడు దాని పొడుగే ఉంది.

ఇంకో స్లైడు దాని పాదాల దగ్గర వాలుగా ఆనించి తోస్తాను. నా చెయ్యి రోజూలాగే సాఫీగా సాగుతుంది. అందుకే నా మీద నాకు అసహ్యం వేస్తుంది. మా చెల్లెలు పలచగా, సమంగా పరుచుకుంటుంది. చివర జడకుచ్చులా విడిపోతుంది. ఇరవై ఏడేళ్లలో ఇంత చక్కటి స్లైడు నేను చెయ్యలేదు.

వెలుతురుకి ఎత్తి పట్టుకుంటాను.

“ఎలా ఉందక్కా?” అంటుంది గాజులోంచి.

“నాలాగే ఉందే,” అంటాను. “నార్మల్.”

“అమ్మయ్య,” అంటుంది నాగరత్నం. దాని ఎడమ చెంప మీద చిన్న పుట్టుమచ్చ తేలుతుంది.

నంబరు వేసి పెట్టెలో పెడతాను. మూత వెయ్యబోతుంటే లోపలున్న స్లైడ్లన్నీ, మూడేళ్ల ఊరంతా, ఒక్కసారి నా వైపు తల తిప్పుతాయి.

“మరి మాదో అండీ?”

నేను కుర్చీ లాక్కుని, ఒకటో నంబరు నుంచి నార్మల్, నార్మల్ అని జవాబు చెప్పడం మొదలుపెడతాను. బల్ల మీది పేర్రాజులు ఒక్కో జవాబుకీ ఒక్కసారి చప్పట్లు కొడతారు.